చేతులతో చదివే అమెరికా చరిత్ర

చరిత్ర పాఠాల్లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చినప్పుడు మీలో కొందరికి ఒక సందేహం కలిగే ఉంటుంది. మనం ఉండేది పుదుచ్చేరిలో. పగలంతా పనికి వెళ్ళి, రాత్రి పుస్తకం ముందు కూర్చుంటాం. ఎక్కడో పదమూడు వలసలవాళ్ళు తమ రాజుతో తగాదా పడితే దాన్ని మనమెందుకు చదవాలి? చదివినా పిల్లలకు ఎలా చెప్పాలి? బడికి పంపకుండా ఇంటి దగ్గరే పిల్లలకు చదువు చెప్పుకుంటున్న తల్లిదండ్రులు మీలో ఉన్నారు. చిన్నప్పుడు బడి మానేసి, ఇప్పుడు తమ పిల్లల పక్కనే కూర్చుని తామూ చదువుతున్నవారున్నారు. అమెరికాలో స్థిరపడిన అన్నయ్యో వదినో తమ పిల్లల కోసం కొన్న చరిత్ర ప్రాజెక్టుల పెట్టె గురించి ఫోనులో చెబితే, అలాంటిది మనకెక్కడ దొరుకుతుందని అడిగేవారూ ఉన్నారు. ఈ వ్యాసం వారందరి కోసం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ పెట్టెలు మనకు అక్కరలేదు. అమెరికా చరిత్రను చేతులతో నేర్చుకోవడానికి కావలసిన సామగ్రి ఈ పట్నంలోనే ఉంది. కొబ్బరి తాడు, గింజ తీయని పత్తి, ఒక దారపు ఉండ, పాత క్యాలెండరు ఉంటే చాలు. మిగిలింది నడక.

ముందు ఆ పెట్టెల్లో ఏముంటుందో చూద్దాం. ఐస్‌క్రీం పుల్లలతో కట్టే దుంగల ఇల్లు ఉంటుంది. అట్టతో చేసే ఓడ ఉంటుంది. రంగు కాగితాల ఈకలతో తలపాగా ఉంటుంది. టీ డికాక్షనులో ముంచి పాతదానిలా కనిపించేట్టు చేసిన కాగితం మీద స్వాతంత్ర్య ప్రకటన రాయమంటారు. పిల్లలు వీటిని ఇష్టంగానే చేస్తారు. చేతికి పని దొరుకుతుంది, గోడకు అలంకారం దొరుకుతుంది. కాని ఆ ఇల్లు కట్టిన పిల్లవాణ్ణి “అందులో ఎవరున్నారు? ఆ నేల అంతకుముందు ఎవరిది?” అని అడిగి చూడండి. పెట్టె మీద ఆ జవాబు ఉండదు. ఇక ఈకల తలపాగా సంగతి. అమెరికాలోని మూలవాసులు ఒకే జాతి కాదు. వందల జాతులు, వందల భాషలు. నిండుగా ఈకలు కుచ్చిన ఆ తలపాగా మైదాన ప్రాంతపు కొన్ని జాతులది. దాన్ని ఎవరు పడితే వారు పెట్టుకోరు. గౌరవం సంపాదించుకున్నవారికే దక్కుతుంది. మన పెళ్ళి బాసికాన్ని ఎవరో ఆటవస్తువుగా చేసి అమ్మితే మనకెలా ఉంటుందో ఆలోచించండి.

మంచి ప్రాజెక్టును గుర్తుపట్టడానికి నేను ఒక్క విషయమే చూస్తాను. పని మొదలుపెట్టే ముందు దాని ఫలితం మనకు తెలియకూడదు. కొలిస్తే ఎంత వస్తుందో, లాగితే తెగుతుందో లేదో, రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో చేసి చూస్తే గాని తెలియకూడదు. అప్పుడు తల్లికి ముందే జవాబు తెలిసి ఉండాల్సిన అవసరం కూడా ఉండదు. ఏడో తరగతితో చదువు ఆపిన అమ్మ, పదేళ్ళ కూతురు ఇద్దరూ ఒకే ప్రశ్న ముందు కూర్చోవచ్చు.

టీ సంగతే తీసుకోండి. 1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో 342 పెట్టెల టీని సముద్రంలో పారబోశారని మీరు చదివారు. ఆ టీ ఎక్కడిదని పిల్లల్ని అడిగితే చాలామంది అస్సాం అనో డార్జిలింగ్ అనో అంటారు. అది చైనా టీ. అప్పటికి మన దేశంలో తేయాకు తోటలు లేవు. అమ్మింది మాత్రం మనకు బాగా తెలిసిన ఈస్టిండియా కంపెనీయే. 1770 ప్రాంతంలో బెంగాల్‌లో ఘోరమైన కరువు వచ్చింది. ఆ రోజుల్లోనే కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. అమ్ముడుపోని టీ దాని గోదాముల్లో పేరుకుపోయింది. దాన్ని అమెరికా వలసల్లో అమ్ముకోవడానికి బ్రిటిష్ పార్లమెంటు 1773లో చట్టం చేసింది. ప్రపంచ పటం మీద చైనా, బెంగాల్, లండన్, బోస్టన్‌లను ఒకే దారంతో కలపమనండి. కాగితాన్ని డికాక్షనులో ముంచడం కంటే ఇది మేలు. మిగిలిన టీ తాగవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పుదుచ్చేరిలో కూడా జరిగింది. చాలా పాఠాల్లో ఈ మాట ఉండదు.

1777 అక్టోబరు 17న సారటోగా దగ్గర ఒక బ్రిటిష్ సైన్యం అమెరికన్లకు లొంగిపోయింది. అమెరికన్లు గెలవగలరన్న నమ్మకం ఫ్రాన్సుకు కలిగింది. 1778 ఫిబ్రవరి 6న పారిస్‌లో రెండు పక్షాల మధ్య ఒప్పందం జరిగింది. దానితో ఫ్రాన్సుకూ బ్రిటనుకూ యుద్ధం వచ్చింది. ఫ్రాన్సుతో యుద్ధమంటే ఫ్రెంచి ఓడరేవులన్నిటితోనూ యుద్ధమే. ఆ ఆగస్టు 10న పుదుచ్చేరి ఎదుట సముద్రంలో రెండు నౌకాదళాలు తలపడ్డాయి. కొద్ది రోజులకు ఫ్రెంచి ఓడలు తీరం విడిచి వెళ్ళిపోయాయి. హెక్టర్ మన్రో సైన్యం పట్నాన్ని చుట్టుముట్టింది. 1764లో బక్సర్ యుద్ధం గెలిచిన మన్రో ఇతడే. గవర్నరు బెల్‌కోంబ్ అక్టోబరు దాకా నిలబడి, చివరికి లొంగిపోయాడు. తరువాత కోటగోడలు పడగొట్టారు. మరుసటి సంవత్సరం మార్చిలో మాహే కూడా ఫ్రెంచివారి చేజారింది. ఆ మాహే విషయంలోనే హైదర్ ఆలీకి ఇంగ్లీషువాళ్ళ మీద కోపం ముదిరింది. 1780లో ఆయన కర్ణాటక మీదికి దండెత్తాడు.

మీ పిల్లలతో చేయవలసిన మొదటి పని నడక. పాత కోటగోడ సాగిన దారిలోనే ఇప్పటి బులివార్డులు వేశారు. ఉత్తరాన సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ సాలై, పడమట అన్నా సాలై, దక్షిణాన సుబ్బయ్య సాలై, తూర్పున బీచ్ రోడ్డు. బయలుదేరే ముందు పిల్లల అంగ ఎంత పొడవుందో టేపుతో కొలవండి. తరువాత పట్నం చుట్టూ అంగలు లెక్కపెట్టుకుంటూ నడవండి. వంద అంగలకు ఒక చింతగింజ జేబులో వేసుకుంటే లెక్క తప్పదు. ఇంటికొచ్చి గుణించండి. అంత పొడవు గోడ మీద పది అడుగులకొక మనిషిని పగలూ రాత్రీ నిలబెట్టాలంటే ఎంతమంది కావాలి? వాళ్ళకు రోజూ ఎన్ని శేర్ల బియ్యం కావాలి? రెండు నెలలకు ఎంత? ఈ లెక్క వేసిన పిల్లకు ముట్టడి అన్న మాటకు అర్థం మరొకసారి చెప్పనక్కరలేదు. తూర్పు వైపు నడిచేటప్పుడు సముద్రం వైపు చూపించి ఇంకో ప్రశ్న అడగండి: ఆగస్టులో ఓడలు వెళ్ళిపోయాక, ఈ వైపు నుంచి సాయం వస్తుందని ఎన్నాళ్ళు ఎదురుచూసి ఉంటారు?

రెండో పని దారంతో. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పాత క్యాలెండరు వెనక వైపు కాగితాలు అంటించి గోడకు తగిలించండి. నెలకు జానెడు చొప్పున గుర్తులు పెట్టండి. పైన అమెరికా, మధ్యలో యూరపు, కింద మన తీరం. ఒక చోట జరిగిన సంగతి మరో చోటికి చేరిన రోజు వరకు ఏటవాలుగా దారం లాగండి. 1783 జనవరి 20న యూరపులో సంధికి తొలి ఒప్పందాలు కుదిరాయి. కాని ఇక్కడ, పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న కడలూరులో, జూన్ 13న ఫ్రెంచి, ఇంగ్లీషు సైన్యాలు ఘోరంగా పోరాడాయి. జూన్ 20న అదే తీరం ఎదుట సుఫ్రెన్, హ్యూస్ నౌకాదళాలు తలపడ్డాయి. సంధి వార్త జూన్ నెలాఖరుకు గాని చేరలేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో చివరి పోరాటంగా చరిత్రకారులు చెప్పేది దీన్నే. జనవరి 20 నుంచి జూన్ 20 వరకు ఎన్ని రోజులో పిల్లల్ని లెక్కపెట్టనివ్వండి. నూట యాభై ఒకటి రావాలి. ముగిసిపోయిన తగాదా కోసం అన్ని రోజుల తరువాత మనుషులు చనిపోయారు. ఆ దారం ఎంత పొడవుందో పిల్లలు చేత్తో తడిమి చూస్తారు. పుస్తకంలో ఆ వాక్యం చదవడం వేరు, ఇది వేరు.

కడలూరులో ఫ్రెంచి సైన్యానికి అధిపతి ఎవరో తెలుసా? బుస్సీ. అవును, 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి వచ్చిన ఆ బుస్సీయే, ముసలితనంలో మళ్ళీ వచ్చాడు. 1785లో పుదుచ్చేరిలోనే చనిపోయాడు. ఇప్పటి లాల్ బహదూర్ శాస్త్రి వీధిని జనం ఇంకా బుస్సీ వీధి అంటూనే ఉన్నారు. సుఫ్రెన్ పేరు మీద కూడా వీధి ఉంది. బొబ్బిలి కథ వింటూ పెరిగిన ఇంట్లో ఈ ఒక్క పేరు చాలు, అమెరికా యుద్ధం దూరపు సంగతి కాదని చెప్పడానికి. హైదర్ ఆలీ పేరుతో ఇంకొక వింత ఉంది. 1782 ఏప్రిల్ 8న అమెరికాలోని డెలవేర్ అఖాతంలో ఒక పెన్సిల్వేనియా యుద్ధనౌక జనరల్ మంక్ అనే బ్రిటిష్ ఓడను పట్టుకుంది. ఆ పెన్సిల్వేనియా నౌక పేరు ‘హైదర్ ఆలీ’. తమ శత్రువుతో పోరాడుతున్న ఆ దూరదేశపు నవాబు పేరు అమెరికన్లు తమ ఓడకు పెట్టుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో హైదర్ ఆలీ మన చిత్తూరు దగ్గర చనిపోయాడు. ఈ రెండు సంగతులూ మీ గోడమీది దారాల్లో ఎక్కడ పడతాయో చూడండి.

తమిళం చదవగల పిల్లలు ఇంట్లో ఉంటే (పుదుచ్చేరి తెలుగు పిల్లల్లో చాలామందికి వస్తుంది) రెండవ వీరా నాయకర్ దినచర్య అనే పుస్తకం ఉందని చెప్పండి. 1778 నుంచి 1792 వరకు ఈ పట్నంలో కూర్చుని ఒక మనిషి రాసుకున్న దినచర్య అది. గ్రంథాలయంలో అడగడానికి సంకోచించకండి. 1827లో మొదలైన రొమా రొలా గ్రంథాలయం పెద్ద చదువులవారిది మాత్రమే కాదు. ముందు ముట్టడి రోజుల గురించి మీ పిల్లలను ఒక పేజీ దినచర్య ఊహించి రాయమనండి. అందులో అమెరికా అన్న పేరు రావచ్చా, రాకూడదా అన్న దాని మీద ఇంట్లో వాదన జరగనివ్వండి. ఆ తరువాతే అసలు పుస్తకం వెతకండి.

మూడో పని కుట్టుపని. అప్పుడు పుదుచ్చేరికి ఓడలు నిలిచే రేవు లేదు. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, కెరటాల మీదుగా మనుషుల్నీ సరుకునూ మసూలా పడవల్లో చేరవేసేవారు. ఆ పడవలకు మేకులుండవు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఎందుకని? చేసి చూడండి. మందమైన అట్ట ముక్కలు నాలుగు తీసుకోండి. రెంటిని చిన్న మేకులతో బిగించండి. రెంటికి దబ్బనంతో బెజ్జాలు చేసి సన్నని కొబ్బరి తాడుతో కుట్టండి. తరువాత రెండు జతల్నీ అటూ ఇటూ వంచండి. ఏది ముందు విడిపోతుందో నేను చెప్పను.

ఆ పడవల్లో ఎక్కిన సరుకు ఏమిటి? ముఖ్యంగా గుడ్డలు. ఇక్కడ కథ మారుతుంది, పిల్లలతో నెమ్మదిగా మాట్లాడవలసి వస్తుంది. మన కోరమాండల్ తీరంలో నేసి నీలి అద్దిన నూలు గుడ్డకు గినీ గుడ్డ అని పేరు. పందొమ్మిదో శతాబ్దంలో అది పుదుచ్చేరి నుంచి సెనెగల్‌కు విరివిగా వెళ్ళింది. గినీ అన్నది ఆఫ్రికా పశ్చిమ తీరం పేరు. అంతకుముందు పద్దెనిమిదో శతాబ్దంలో, ఆ తీరంలో మనుషుల్ని కొనడానికి యూరపు వర్తకులు ఇచ్చిన సరుకుల్లో మన దేశపు నూలు గుడ్డలు ముఖ్యమైనవి. ఆ కొన్న మనుషుల్ని ఓడల్లో అమెరికా ఖండాలకు తీసుకుపోయారు. మన నేతగాడికి తన గుడ్డ ఎక్కడ తేలుతుందో తెలిసి ఉండదు. కాని గుడ్డ మాత్రం వెళ్ళింది. దీన్ని దాచి అమెరికా చరిత్ర చెప్పడం నాకు సమ్మతం కాదు.

దీనికి చేయవలసిన పని పత్తి గింజలు తీయడం. విల్లుపురం వైపు గాని, గుంటూరు, ఆదిలాబాదు వైపు గాని బంధువులుంటే గింజ తీయని పత్తి కొంచెం తెప్పించుకోండి. అరగంట సేపు ఇంట్లో అందరూ కూర్చుని చేత్తో గింజలు తీయండి. వచ్చిన దూదిని పక్క వీధి కిరాణా కొట్లో తూకం వేయించండి. గోళ్ళ కింద నొప్పి పుడుతుంది, దూది మాత్రం పిడికెడు కూడా రాదు. పొట్టి పింజ పత్తిలో మనిషి రోజంతా కష్టపడితే సుమారు ఒక పౌను, అంటే 450 గ్రాముల దూది వచ్చేదని చెబుతారు. 1793లో ఎలీ విట్నీ చేసిన యంత్రంతో రోజుకు యాభై పౌన్లు తీయవచ్చు. ఇప్పుడు పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: పని ఇంత తేలికైంది కాబట్టి బానిసల సంఖ్య తగ్గిందా, పెరిగిందా? దాదాపు అందరూ తగ్గిందనే అంటారు. 1790 జనాభా లెక్కల్లో అమెరికాలో బానిసలు సుమారు ఏడు లక్షలు. 1860 నాటికి సుమారు నలభై లక్షలు. గింజ తీయడం తేలికయ్యేసరికి పత్తి పండించడం లాభమైంది. పండించడానికీ ఏరడానికీ యంత్రం రాలేదు. ఇది విన్నాక తమ చేతిలో ఉన్న పత్తి వైపు చూడని పిల్లలుండరు.

ఒక హెచ్చరిక. బానిసల వేలాన్ని నాటకంగా ఆడించమని కొందరు సలహా ఇస్తారు. వద్దు. ఎదుటివాడి అవమానాన్ని ఆటగా ఆడితే జాలి కలుగుతుందన్న నమ్మకం నాకు లేదు. అలాగే అరగంట గింజలు తీసి వాళ్ళ బాధ తెలుసుకున్నాం అనుకోవడమూ తప్పే. మనకు తెలిసింది పని ఎంత నెమ్మదైనదో, అంతవరకే.

మిల్లుల సంగతి ఒక్క మాటలో చెబుతాను, అది ఇంకో పాఠానికి చెందింది. 1886 మేలో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం అడిగారు. యాభై ఏళ్ళకు, 1936 జూలై 30న, పుదుచ్చేరి మిల్లు కార్మికులపై జరిగిన కాల్పుల్లో పన్నెండుమంది చనిపోయారు. మరుసటి ఏడాది ఎనిమిది గంటల పని చట్టంలోకి వచ్చింది. ఆ మిల్లులు ఇప్పుడు మూతపడ్డాయి. అక్కడ పనిచేసిన తాతయ్యలు మీ వీధిలో ఉంటే, వాళ్ళు మాట్లాడగలిగినప్పుడే పిల్లల్ని పంపండి.

“ఇదంతా పరీక్షలో వస్తుందా?” అని మీరు అడుగుతారని తెలుసు. ముట్టడి గురించి ప్రశ్న రాకపోవచ్చు. యుద్ధానికి కారణాలు, ఫ్రాన్సు ఎందుకు కలిసింది, ఫలితాలేమిటి అన్నవి తప్పకుండా వస్తాయి. సారటోగా, పారిస్, పుదుచ్చేరి, కడలూరు అన్న నాలుగు దారాలు లాగినవారు ఆ జవాబును బట్టీ పట్టనక్కరలేదని నా అనుభవం. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: ఈ పనులకు సమయం పడుతుంది. మిల్లులోనో కొట్లోనో పది గంటలు నిలబడి వచ్చిన మనిషి రోజూ ఇవి చేయలేరు. అన్నీ చేయమని నేను అనడం లేదు. పరీక్షలోపు ఒక్కటి పూర్తిగా చేయండి. నన్నడిగితే నడకతో మొదలుపెట్టమంటాను, దానికి ఖర్చు లేదు.

ఆదివారం పొద్దున్నే, ఎండెక్కకముందే బయలుదేరండి. నీళ్ళ సీసా, చింతగింజలు, ఒక పెన్సిలు ఉంటే సరిపోతుంది. అంగలు ఒక్కరే లెక్కపెట్టకండి. ఇద్దరు వేరువేరుగా లెక్కపెట్టి, చివర పోల్చి చూడండి. రెండు లెక్కలూ కలవవు. ఏది సరైనదో తేల్చుకోవడానికి ఏం చేశారో కూడా నోటుపుస్తకంలో రాయమనండి.